పద్నాలుగో గేటు కళ్లజోళ్ల షాపు తెరిచే ఉంది

నమోదు 1

గోడ ఆరోగ్య సంఘం వారి సన్నిధికి, పద్నాలుగో గేటు వీధి, నూర్ ఆప్టికల్స్ నుంచి శౌరీలు వ్రాసుకొను విన్నపము.

తిరిగి తెరవదలచిన ప్రతి దుకాణమూ ప్రతిరోజూ నమోదు పంపవలెనని మీరు ఉత్తర్వు ఇచ్చారు. అందులో ఏమేం రాయాలో మాత్రం చెప్పలేదు. ఆ పొరపాటుకు ముందుగానే నా సానుభూతి.

ఈరోజు షట్టర్ ఎత్తాను. నేల సబ్బునీళ్లతో కడిగాను. షోకేసులో ఫ్రేములన్నీ తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను. తూగుజ్వరం మొదలైనప్పటినుంచి వాటిని పెట్టుకున్న మొహం లేదు. షాపు తెరవచ్చు గాని మనిషి లోపలికి రాకూడదన్నది మీ నియమం. మీరు మెట్ల మలుపులో పెట్టిన కళ్లపెట్టె ముందు జనం నిలబడతారు, అది వాళ్ల కొలత తీస్తుంది, తయారైన కళ్లజోడు మాకు పొట్లంగా వస్తుంది. దాన్ని నేను పట్టకారుతో పట్టుకుని గుమ్మం మీద పెడతాను. బీఎస్సీ ఆప్టోమెట్రీ చదివి పట్టకారు చేతపట్టిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. కాలేజీవాళ్లకు తెలిస్తే నా ఫోటో గోడకు తగిలిస్తారు, దండ వేసి మరీ.

షాపు యజమాని మస్తాన్ వలి గారు, నాకు బాబాయ్ వరస, వెనకగదిలో అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని దానికి నూనె వేస్తున్నారు. పని లేని మిషనుకు రోజూ నూనె ఎందుకు బాబాయ్ అంటే, "నీకు రోజూ అన్నం పెట్టట్లా" అన్నారు.

నమోదు 2

సంఘం వారికి శుభవార్త. మా వీధికి వినయం వచ్చింది.

మీ ఆఫీసు డ్యాము పైన, రోడ్డు మీద ఉంది కాబట్టి మీకు తెలియకపోవచ్చు. నది దారి మార్చుకుని వెళ్లిపోయాక ఎండిన ఆ డ్యాము గోడకు ఇళ్లు అతికించుకుని బతికే మాకు వీధి అంటే మెట్లే. పాలకు మెట్లు, పెళ్లికి మెట్లు, తగాదాకు కూడా నాలుగు మెట్లు ఎక్కి వెళ్లాలి. అందుకని మావాళ్లు తల ఎత్తుకుని, కాళ్లు వాటంతటవే దిగుతుంటే, పక్కింటి కిటికీలోకి చూసుకుంటూ పోతారు. పుట్టినప్పటినుంచీ అలవాటు.

ఇప్పుడలా లేదు. నలభై దాటిన ప్రతివాళ్లూ గడ్డం రొమ్ముకు ఆనించి, పెళ్లిపీటల మీది పెళ్లికూతుళ్లలాగా, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతున్నారు. మొన్నటి మీ ప్రకటనలో "పౌరులలో క్రమశిక్షణ పెరిగినది" అని చదివాను. ఇదేనేమో.

మాస్కులు కుట్టే హనుమాయమ్మత్త మధ్యాహ్నం గుమ్మం అవతల ఆగింది. మా వీధిలో సగం మూతులు ఆమె చలవే.

"ఏందే కోడలా, పట్టకారు పట్టుకుని పీతలు పట్టేదానిలాగా నిలబడ్డావ్" అంది.

"అత్తా, నువ్వేంటి, తల దించుకుని వస్తున్నావు. నీకు సిగ్గెప్పుడు వచ్చింది?"

"సిగ్గు నా మొహానా. ఈ కొత్త జోడు పెట్టుకున్నకాడ్నించి మెట్టు ఉన్నచోట లేదు, లేనిచోట ఉంది. తల వంచి పైనించి చూస్తే కాస్త కుదురుగా కనపడద్ది. సూదిలో దారం మాత్రం బెమ్మాండంగా ఎక్కుతంది."

"జ్వరమేమో చూపించుకో."

"జ్వరం నీ నోటికి."

ఆమె దిగుతుంటే మలుపులో నడక తీరు చూసే మీ కెమెరా, నడకకన్ను, ఆమెతోపాటు తిరిగింది. మీ ఉత్తర్వు నాకు కంఠతా వచ్చు: తూగుజ్వరానికి మొదటి గుర్తు తడబడే నడక, నడకకన్ను ఎర్రదీపం వేస్తే కాలికి ఎర్రపట్టీ, పట్టీ పడినవారు లోయ దాటించే తాడుబండిలో అవతలి గట్టు గుడారాలకు, మళ్లీ నడిచి చూపించే రెండో నడక లేదు. పక్కమెట్ల రత్తయ్య అలాగే వెళ్లాడు. వెళ్లేటప్పుడు చెరుకుముక్క నములుతూ వెళ్లాడు. అక్కడ జ్వరం ఉన్నవాళ్ల మధ్య పడుకోబెట్టారు. ఇప్పుడు అతనికి నిజంగానే వచ్చింది.

హనుమాయమ్మత్త మలుపు దాటింది. దీపం వెలగలేదు.

నమోదు 3

ఈరోజు గుమ్మం మీద సబ్బునీళ్ల పళ్లెం పెట్టి, అత్త కళ్లజోడు అందులో వేయించుకున్నాను. నియమోల్లంఘన అంటే అదే, రాసుకోండి. కడిగి, ఆరబెట్టి, చూశాను.

రెండు చూపుల అద్దంలో పై భాగం దూరానికి, కింది భాగం చదువుకు. మధ్యగీత కింది కనురెప్ప దగ్గర ఉండాలి. అత్త జోడులో అది సరిగ్గా కనుపాప మధ్యకు వస్తోంది. అంటే ఆమె నేరుగా చూసినప్పుడల్లా సూదిలో దారం ఎక్కించే అద్దంలోంచి లోకాన్ని చూస్తోంది. లోకం దూరంలో ఉంది, మెట్లతో సహా.

ఒక్కటైతే పొరపాటు అనుకోవచ్చు. గుమ్మం మీద తీసుకెళ్లకుండా మిగిలిన పొట్లాలు విప్పాను. అన్నీ అంతే.

వెళ్లి కళ్లపెట్టెను చూశాను. ఊపిరి తగలకుండా కెమెరాను మనిషికన్నా ఎత్తులో బిగించారు. మంచి ఆలోచన. దాని కింద పెద్దక్షరాలతో "తల కదపరాదు. కళ్లు మాత్రమే పైకెత్తవలెను" అని రాశారు. అదీ మంచి అచ్చు. మావాళ్లు బుద్ధిగా తల కదపకుండా కళ్లు పైకెత్తారు. కనుపాపలు పైకి పోయాయి. పెట్టె వాటిని అక్కడే కొలిచి, చదువు అద్దాన్ని పైకి జరిపింది. తరువాత మనుషులు కళ్లు దించి ఇంటికి వెళ్లారు. గీత మాత్రం దిగలేదు.

కొలిచేవాళ్ల కళ్లూ కొలిపించుకునేవాళ్ల కళ్లూ ఒకే ఎత్తున ఉండాలని మాకు మొదటి వారంలోనే చెబుతారు. పొట్టివాళ్లు వస్తే మనం వంగాలి. పైనుంచి చూసి కొలిస్తే ఎవరి కొలతైనా తప్పే వస్తుంది. ఈ వాక్యం కళ్లద్దాల గురించి మాత్రమే రాశాను.

బాబాయ్‌కి చెబితే మిషను ఆపారు. అసలు అది తిరగడమే లేదు గాని, నూనె వేసే చెయ్యి ఆపారు.

"అంటే మన వీధిలో ఎర్రపట్టీ పడ్డోళ్లలో ఎందరికి జ్వరం, ఎందరికి జోడు?"

ఆ లెక్క నాకు తెలియదు. మీకూ తెలియదు. అదే సమస్య.

నమోదు 4

సంఘం సమన్వయాధికారి ఇందుశేఖర్ గారు తెర మీద దర్శనమిచ్చారు. కళ్లపెట్టె గురించి అంతా వివరంగా చెప్పాను. మనుషులను షాపులోకి రానిస్తే నేనే కొలిచి దిద్దుతానన్నాను. ఓపిగ్గా విన్నారు. ఓపిక ఎక్కువగా ఉన్న మనిషికి వినడం అవసరం ఉండదని అప్పుడే తెలిసింది.

"కళ్లపెట్టెలో లోపం ఉండే అవకాశం లేదమ్మా. పరీక్షించే పెట్టాం."

"ఎవరి మీద పరీక్షించారండీ?"

"మా సిబ్బంది మీద."

"వాళ్ల వయసెంత?"

ఆయన కాగితాలు సర్దుకున్నారు. కుర్రవాళ్లకు ఒకే చూపు అద్దాలు. గీత ఎక్కడుంటే వాళ్లకేం.

"తడబడేవాళ్లకు జ్వరం వస్తోంది. గుడారాల్లో నమోదైన లెక్కలున్నాయి" అన్నారు.

"గుడారాల్లోకి వెళ్లాక వస్తోందండీ."

"షాపు తెరిస్తే రోగం పెరుగుతుంది. కళ్లజోడు బిగించాలంటే మొహానికి దగ్గరగా వెళ్లాలి, చెవులు ముట్టుకోవాలి. మీరు చదువుకున్నవాళ్లు, మీకు చెప్పాలా?"

మొహానికి దగ్గరగా వెళ్లాలన్న మాట నిజమే. అదే నన్ను రోజంతా కుదురుగా ఉండనివ్వలేదు.

నమోదు 5

సంఘం వారికి తెలియజేయునది ఏమనగా, షాపు మనుషులకు తెరిచాం.

ముందు బాబాయ్‌తో యుద్ధం జరిగింది. ఆయన ఊపిరితిత్తులు చిన్నప్పటినుంచీ బలహీనం. నాలుగు మెట్లెక్కితే ఆగి గోడను పట్టుకుంటారు. తూగుజ్వరం ఆయనకు వస్తే వెనక్కి తిరిగి రారు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనం.

"నువ్వు వెనకగదిలోనే ఉండు బాబాయ్, తలుపు వేసుకో. ముందుగదిలో నేనుంటాను."

"షాపు ఎవరిది?"

"నీదే."

"అయితే నేను చెప్తా ఇను. తెరుద్దాం. కానీ ఒక్కరికి అంటకూడదు. నాకు కాదు, ఎవరికీ. ఒక్కరికి అంటిందా, సంఘం దాకా ఎందుకు, నేనే షట్టర్ దించి తాళం చెవి లోయలో పడేస్తా."

అందుకని, మేము చేసింది రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి, దిద్దడం మీకు ఇష్టం.

షోకేసు పెద్ద అద్దం ఊడదీసి బల్ల మీద నిలువుగా బిగించాం. అవతల వచ్చినవాళ్లు, ఇవతల నేను. వాళ్ల వెనక ఫ్యాను, గాలి గుమ్మంలోంచి లోయలోకి. లోపల ఒక్కరు, మిగతావాళ్లు బయట మెట్టు విడిచి మెట్టు. నా పీట ఎత్తు మార్చుకుని వాళ్ల కళ్లకు సమానంగా కూర్చుంటాను. వాళ్లు పెట్టుకునే ఫ్రేము అంచుకు కొలత గీతల కాగితం అంటించి ఉంటుంది. "నా ముక్కు చూడండి" అంటాను. అద్దంలోంచి చదువుకుంటాను. ముట్టుకోవడం లేదు.

చెవుల విషయమే ఆలోచించాల్సి వచ్చింది. ప్రతి చెవీ ఒక్కో వంపు. ఫ్రేము కాడను వేడి గాజుపూసలు నింపిన గిన్నెలో పెట్టి మెత్తబరిచి, చెవి వెనక చెయ్యి పెట్టి చూసి వంచడం మా పని. చెయ్యి పెట్టకూడదు. అప్పుడు బాబాయ్ కరెంటు పనికి వాడే మెత్తని రాగితీగ ముక్క ఒకటి తన చెవి వెనక పెట్టుకుని నొక్కి, తీసి, నా ముందు పెట్టారు. చెవి లేకుండా చెవి వచ్చింది. ఇప్పుడు వచ్చినవాళ్లు ఎవరి తీగ వాళ్లే నొక్కుకుని సబ్బునీళ్లలో వేస్తారు. నేను దాన్ని చూసి కాడ వంచుతాను.

మాస్కు రబ్బరు చెవులను లాగుతుంటే వంపు తప్పు వస్తోంది. తల వెనక ముడివేసుకునే నాడాలతో కుట్టమని హనుమాయమ్మత్తను అడిగాను. "నా మాస్కుకు వంక పెట్టిన మొదటిదానివి" అని నన్ను అద్దంలోంచి కాసేపు చూసింది. తరువాత నాడాలు కోసింది.

పెట్టుకుని చూసిన ప్రతి ఫ్రేమూ సబ్బునీళ్లలోకి. స్పిరిట్‌తో తుడవమని మీ కరపత్రంలో రాశారు, అదీ తప్పే, అద్దం పూత పోతుంది.

ముక్కు దగ్గర మెత్తలున్న ఫ్రేములైతే వాటిని కాస్త విడదీస్తే చాలు, జోడు కిందికి దిగుతుంది, గీత దిగుతుంది, మనిషి తల లేస్తుంది. చెప్పుల కొట్టు నాగూర్ బీ లేచి నిలబడి, బయట మెట్లను చూసి, "ఇవి ఇక్కడే ఉన్నయ్యా ఇన్నాళ్లూ" అంది. దిగి వెళ్లి, కింద మలుపులోంచి వెనక్కి తిరిగి మా షాపు మీద ఎవరో ఆరేసిన లుంగీని విమర్శించింది. అప్పుడు నమ్మాను, చూపు వచ్చిందని.

హనుమాయమ్మత్తది మాత్రం పాత రకం ఫ్రేము, ముక్కు మెత్తలు లేవు. వేరే ఫ్రేముకు కొత్త అద్దాలు కోయాలి. బాబాయ్ మిషను తిరిగింది. ఆ చప్పుడుకు వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

"రేపు ఇస్తాం అత్తా. అప్పటిదాకా మెట్లు దిగకు."

"బట్ట కిందనే ఉంది, మీ మామ తెచ్చిపెడతాడా?"

మామ పోయి చాలాకాలమైంది. ఆమె జోక్ అలాగే ఉంటుంది.

నమోదు 6

ఎర్రదీపం వెలిగింది.

హనుమాయమ్మత్త బట్ట కోసం దిగింది. మలుపులో మెట్టు అందక గోడను పట్టుకుంది. అంతే. నడకకన్ను కూత పెట్టింది, మీ మనిషి వచ్చి కాలికి పట్టీ బిగించాడు. రేపటి తాడుబండిలో పేరు రాశాడు.

నేను వెళ్లేసరికి అత్త మెట్టు మీద కూర్చుని పట్టీ కుట్టు పరిశీలిస్తోంది.

"చూడవే, సూది ఎంత దూరం దూరం దించాడో. దీన్ని కుట్టినోడికి మా గుమ్మం తొక్కే అర్హత లేదు."

"అత్తా, భయంగా ఉందా?"

ఆమె కాసేపు లోయ అవతల గుడారాల వైపు చూసింది. తల వంచి, అద్దాల పైనుంచి.

"రత్తయ్య వెళ్లేప్పుడు చేయి ఊపాడు. నేనూ ఊపా. జోడు దిద్దించుకో అని చెప్పే తెలివి నాకప్పుడు లేదు" అంది. "నాకు జ్వరం లేదు కోడలా. లేని రోగంతో చావమంటే మాత్రం నేను చావను. చెప్తన్నా."

బాబాయ్ గది తలుపు వెనక మిషను ఆగకుండా తిరుగుతోంది.

నమోదు 7

ఇందుశేఖర్ గారు స్వయంగా దిగి వచ్చారు, షాపుకు సీలు వేయడానికి. సీలు వేయకముందు మా ఇద్దరి రక్తం తీశారు, నియమం ప్రకారం. బొటనవేలంత యంత్రం పచ్చగా వెలిగింది. ఇద్దరికీ జ్వరం లేదు.

"సంతకం పెట్టండి" అన్నాను.

"ఎందుకు?"

"నియమం."

పెట్టారు. అప్పుడు నేను, పట్టీ కాలితో గుమ్మం పక్కన కూర్చున్న హనుమాయమ్మత్త తీసిచ్చిన పాతజోడు బల్ల మీంచి తీసుకున్నాను. సబ్బుతో కడిగినదే. పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాను.

నటించాల్సిన అవసరం రాలేదు. మెట్లు లేచి మొహం మీదికి వచ్చాయి. కాలు గాలిలోకి వెళ్లింది. గోడ పట్టుకున్నాను, గోడ కూడా అక్కడ లేదు. నడకకన్ను కూత పెట్టింది. మీ మనిషి అలవాటు కొద్దీ వచ్చి నా కాలికి ఎర్రపట్టీ బిగించేశాడు. పైన మెట్టు విడిచి మెట్టు నిలబడిన జనం నవ్వు ఆపుకోలేకపోయారు, మాస్కుల్లోనే.

"శౌరీలుగారూ, ఇది సంఘాన్ని అవమానించడం" అన్నారు ఇందుశేఖర్ గారు.

"ఇప్పుడే మీరు నాకు జ్వరం లేదని సంతకం పెట్టారు. ఇప్పుడే మీ కన్ను ఉందంటోంది. రెండింట్లో ఒకటి తప్పు. ఏది తప్పో మీరే చెప్పండి, రాసుకుంటాను."

బాబాయ్ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "నాకూ లేదన్నారుగా సార్. ఆ జోడు కడిగి ఇటియ్యమ్మాయ్, నేనూ దిగుతా."

"నేనూ" అంది నాగూర్ బీ పైమెట్టు నుంచి. "పొద్దున్నే రక్తం చూపించుకున్నా, జ్వరం లేదని చీటీ ఉంది." ఆమె పైమెట్టు మీదివాళ్లూ చీటీలు తీశారు. ఆయన ఆ వరుసను కింది నుంచి పై దాకా చూశారు. వరుస మలుపు తిరిగి ఎక్కడికి పోయిందో ఆయనకు కనపడి ఉండదు. తాడుబండిలో ఎందరు పడతారో ఆయనకు తెలుసు.

"చాలు" అన్నారు. "మీకు రెండో నడక ఇస్తాను. జోడు తీసి నడవండి."

"నాకొద్దు. హనుమాయమ్మత్తకివ్వండి."

ఆయన అత్త వైపు తిరిగారు. ఫ్యాను లోయలోకి గాలి తోస్తోంది. చివరికి ఆయన మెల్లగా అన్నారు, ఉత్తర్వు భాష వదిలేసి: "ఆమెకు నిజంగానే ఉంటే?"

ఆ ఒక్క మాటకు ఆయన మీద గౌరవం కలిగింది, రాసుకోండి. రక్తం చూసే యంత్రం ఎర్రపట్టీ వాళ్లకు వాడకూడదని మళ్లీ మీ నియమమే.

"ఉంటే తడబడుతుంది. మీ కన్ను ఉంది కదా" అన్నాను.

బాబాయ్ కొత్త అద్దాలు బిగించిన కొత్త ఫ్రేము అందించారు. కాడను పూసల గిన్నెలో వేడిచేసి, అత్త రాగితీగ పక్కన పెట్టి వంచాను. పూసలు బల్ల మీద చిందాయి. ఆమె జోడు పెట్టుకుంది. మాస్కు నాడాలు బిగించుకుంది. పై మెట్టు దగ్గరికి వెళ్లింది.

అలవాటుగా గడ్డం దించింది. ఆగింది. నెమ్మదిగా ఎత్తింది.

దిగింది. మలుపులో నడకకన్ను ఆమెతోపాటు తిరిగింది. ఆమె మోకాళ్లు అరవై ఏళ్లవి, జ్వరం లేకపోయినా తడబడగలవని నాకప్పుడు గుర్తొచ్చింది. నడకకన్ను కిందికి ఆమె వచ్చింది. దాటింది. దీపం వెలగలేదు.

ఆమె ఆగకుండా ఇంకా కిందికి దిగుతూనే ఉంది.

"ఎక్కడికత్తా?"

"బట్టకి. నిన్న తేలేదుగా" అంది, వెనక్కి చూడకుండా.

నమోదు 8

హనుమాయమ్మత్త పట్టీ కోసేశారు. ఇకమీదట ఎర్రపట్టీ పడే ప్రతివాళ్లకూ జోడు సరిచూసి రెండో నడక ఇస్తామని ఇందుశేఖర్ గారు రాసి ఇచ్చారు. కళ్లపెట్టె కెమెరాను కిందికి దించుతున్నారు. షాపుకు సీలు వేయకుండానే వెళ్లారు, ముందుగదిలో నాగూర్ బీ వరుస చూస్తోంది, బాబాయ్ తలుపు వెనక మిషను దగ్గర.

మరి అవతలి గట్టున ఉన్నవాళ్లో అని అడిగాను. అక్కడివారి సంగతి వచ్చే సమావేశంలో చర్చిస్తామన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎవరూ అక్కడికి వెళ్లరాదని నియమం ఉందన్నారు.

మంచి నియమం. మీరు ఒక్క సంగతి మరిచిపోయారు. నిన్న నన్ను రెండో నడక నడవమంటే నేను ఒప్పుకోలేదు.

ఈ నమోదు తాడుబండిలో కూర్చుని రాస్తున్నాను. ఒళ్లో పూసల గిన్నె. పక్కన అద్దం, ఫ్యాను, సబ్బు, ఒక చుట్ట రాగితీగ, హనుమాయమ్మత్త కుట్టిన నాడా మాస్కుల మూట. బండివాడు నా కాలి పట్టీ చూసి ఎక్కించుకున్నాడు. ఇందుశేఖర్ గారు గట్టు మీదికి వచ్చి, దిగండి, దిగి ఒక్కసారి నడిచి చూపించండి, అని కేకలేస్తున్నారు. దిగే తీరిక లేదండీ, అక్కడ రత్తయ్య తల వంచుకుని కూర్చుని ఉంటాడు.

నాకు జ్వరం లేదు. నా కాలికి ఎర్రపట్టీ ఉంది. రెండూ మీరు ఇచ్చినవే. బండి కదిలింది.